ఫెర్నాండో డి లియోను ఆయన సినిమాలతోనే కొలవండి

సంపాదక మహాశయులకు,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం సంచికలోని సినిమా పేజీని ఏళ్ల తరబడి వదలకుండా చదువుతున్న పాఠకురాలిని. ఇటలీ సినిమా అనగానే డి సీకా, ఫెల్లినీ, ఆంటొనియోనీల దగ్గరే మన మాటలు ఆగిపోతాయి కాబట్టి, 1970ల నాటి ఇటలీ నేర చిత్రాల మీద ఇటీవల మీరు వేసిన వ్యాసం చూసి నిజంగా సంతోషించాను. అయితే ఆ వ్యాసంలో ఫెర్నాండో డి లియోకు దక్కింది ఒకే ఒక్క వాక్యం, ఆ ఒక్క వాక్యంలోనూ రెండు పొరపాట్లు దొర్లాయి. చట్టాన్ని చేతిలోకి తీసుకునే పోలీసు వీరుల కథలు తీసిన దర్శకుల జాబితాలో ఆయనను చేర్చడం మొదటిది. అమెరికన్ దర్శకుడు క్వెంటిన్ టరంటినో మెచ్చుకోవడం తప్ప ఆయన పేరు నిలవడానికి వేరే కారణం లేదన్నట్టు రాయడం రెండోది. ఆయన సినిమాలను ఇష్టంగా, మళ్లీ మళ్లీ చూసిన మనిషిగా ఈ రెండింటినీ సరిచేయడం నా బాధ్యత అనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి పెరిగితే మన్నించండి.

ముందుగా ఆ జాబితా సంగతి. 1970లలో ఇటలీని పోలీసు కథల వెల్లువ ముంచెత్తిన మాట వాస్తవమే. 1969 డిసెంబరు 12న మిలాన్ నగరంలోని ఫోంతానా కూడలిలో ఉన్న బ్యాంకులో పేలిన బాంబు 17 మందిని బలి తీసుకుంది. అక్కడి నుంచి మొదలైన కాలాన్ని ఇటలీ ప్రజలు సీసపు సంవత్సరాలని పిలుచుకుంటారు. సీసమంటే తుపాకి గుండు అన్నమాట. రాజకీయ హత్యలు, బ్యాంకు దోపిడీలు, డబ్బు కోసం మనుషుల్ని ఎత్తుకుపోవడాలు నిత్యకృత్యమైపోయిన ఆ రోజుల్లో, జనంలోని భయాన్నీ కోపాన్నీ పట్టుకుని డజన్ల కొద్దీ సినిమాలు వచ్చాయి. న్యాయస్థానాలు వదిలేసిన నేరస్థుణ్ని తానే వేటాడే కమిషనర్, వెంట కార్ల ఛేజింగులు, చివర్లో కాల్పులు: ఉంబెర్తో లెంజీ, ఎంజో కాస్తెల్లారి వంటి దర్శకులు, మౌరిత్సియో మెర్లి వంటి నటులు ఈ మూసను ఒక పరిశ్రమ స్థాయికి తీసుకెళ్లారు. విమర్శకులు వీటికి పెట్టిన పొలిజియొత్తెస్కి అనే పేరులోనే చిన్నచూపు ఉంది. నాకు ఆ సినిమాల మీద చిన్నచూపేమీ లేదు. వాటి ఊపు వాటిదే. కాని డి లియో వాటికి ఎదురుగా నిలబడిన మనిషి. ఆయన మంచి చిత్రాల్లో కథ నడిపేది నేరస్థుడే కాని పోలీసు కాదు. ఒకవేళ పోలీసును నడిమధ్యకు తెచ్చినా, అతణ్ని అమ్ముడుపోయిన మనిషిగా చూపించడానికే తెచ్చాడు. నేరాన్ని బయటినుంచి వచ్చి పడిన తెగులుగా ఆయన ఎన్నడూ చూడలేదు. డబ్బు, అధికారం, చట్టం ఈ మూడింటి మధ్య నిత్యం సాగే బేరంలోనే నేరం పుడుతుందన్నది ఆయన దృష్టి. ఇంత తేడా ఉన్నప్పుడు అందరినీ ఒకే గాటన కట్టడం ఎంతవరకు సబబు?

డి లియో 1932 జనవరి 11న దక్షిణ ఇటలీలో, పూలియా ప్రాంతంలోని సాన్ ఫెర్దినాందో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. దర్శకుడిగా పేరు రాకముందు ఆయన రచయిత. 1960లలో ఇటలీ కౌబాయ్ చిత్రాలు ప్రపంచమంతా ఆడుతున్నప్పుడు వాటి వెనక రాతపని చేసిన కొద్దిమందిలో ఆయన ఒకడు. సెర్జియో లియోనే తీసిన తొలి రెండు డాలర్ చిత్రాల రచనలో ఆయన చేయి ఉంది, తెరమీద మాత్రం పేరు పడలేదు. దుచ్చో తెస్సారి 1965లో తీసిన రింగో చిత్రాలకూ, లూచో ఫుల్చీ 1966లో ఫ్రాంకో నీరోతో తీసిన పగ కథకూ ఆయన రాశాడు. నాకు ఈ దశ ముఖ్యంగా కనిపించడానికి కారణం ఉంది. కౌబాయ్ కథలో మంచివాడికీ చెడ్డవాడికీ మధ్య గీత అప్పటికే చెరిగిపోయింది, ఇద్దరూ డబ్బు మూట కోసమే తిరుగుతారు. ఆ మూటను ఎడారిలోంచి తీసుకొచ్చి మిలాన్ వీధుల్లో పెట్టడమే డి లియో తర్వాత చేసిన పని. ఆయన కౌబాయ్ చిత్రానికి దర్శకత్వం వహించలేదు కాని, ఆ రాతపనిలో నేర్చిన నిర్దయ ఆయనను చివరిదాకా విడిచిపెట్టలేదు.

దర్శకుడిగా ఆయన తొలి సినిమాలు ఒక దారిన పడినవి కావు. 1968లో యుద్ధచిత్రం, మరుసటి ఏడు ఒక గృహిణి అసంతృప్తి మీద తీసిన చిత్రం, అలా కొంతకాలం తడుముకున్నాడు. ఆయనకు దారి చూపింది ఒక రచయిత. జార్జో షెర్బనెంకో 1911లో కీవ్‌లో ఉక్రెయిన్ తండ్రికీ ఇటలీ తల్లికీ పుట్టి, మిలాన్‌లో స్థిరపడి, ఆ నగరపు పొగమంచునూ వలసకూలీలనూ శివారు గదులనూ నేరకథల్లోకి తెచ్చినవాడు. ఇప్పుడు ఇటలీలో నేరసాహిత్యానికి ఆయన పేరిట పురస్కారం ఇస్తున్నారు. రాత్రి బడిలో జరిగిన ఒక ఘోరం చుట్టూ అల్లిన ఆయన నవలను డి లియో 1969లో తెరకెక్కించాడు. అదే ఏడాది షెర్బనెంకో కన్నుమూశాడు. ఆ ఏడే వెలువడిన ఆయన కథల సంపుటి పేరును తీసుకుని, అందులోని కథల జాడలు కొన్నిటిని మాత్రం ఉంచుకుని, డి లియో సొంతంగా అల్లుకున్న చిత్రమే 1972లో వచ్చిన 'మిలానో కాలీబ్రో 9'.

ఆ సినిమా ఆరంభాన్ని చూసినవారు మరిచిపోలేరు. మిలాన్ పెద్ద చర్చి ముందు కూడలిలో జనం తిరుగుతుంటారు. ఒక మనిషి చేతిలోంచి చిన్న పొట్లం మరో మనిషి చేతిలోకి జారుతుంది. అక్కడినుంచి ఇంకొకరికి, అక్కడినుంచి భూగర్భ రైలు మెట్ల వైపు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. చూపంతా ఆ పొట్లం మీదే, పొట్లం ఎటు వెళితే కెమెరా అటు. చివరికి విప్పి చూస్తే లోపల నోట్ల కట్టలుండవు, నోట్ల కొలతకు కత్తిరించిన తెల్లకాగితాలుంటాయి. అంతవరకు చప్పుడు లేకుండా సాగిన సినిమా ఆ క్షణంలో తలకిందులవుతుంది. పొట్లం మోసినవారిని వెతికి పట్టుకుని, కొట్టి, కాళ్లూ చేతులూ కట్టి, గుహలో పడేసి డైనమైట్‌తో పేల్చేస్తారు. వాళ్లలో దొంగెవరో తేల్చాలన్న ఓపిక కూడా వాళ్ల యజమానులకు ఉండదు. ఈ కొన్ని నిమిషాల్లోనే డి లియో తన లోకాన్ని మనముందు పరిచేశాడు. ఇక్కడ మనుషులు పొట్లాలు మోసే చేతులు మాత్రమే, లెక్క తేడా వస్తే చేతుల్ని విరిచేస్తారు. లూయిస్ బకలోవ్ సంగీతం, నేపుల్స్‌కు చెందిన ఒసాన్నా రాక్ బృందం వాయిద్యాలు కలిసి ఆ దృశ్యాన్ని పట్టి లాగుతుంటే, కథ తెలిసి చూసినప్పుడు కూడా నాకు ఊపిరి బిగబట్టినట్టే ఉంటుంది.

ఆ తర్వాత మూడేళ్ల శిక్ష ముగించుకుని సాన్ విత్తోరే జైలు గేటు దాటి ఊగో పియాజ్జా బయటికి వస్తాడు. గాస్తోనె మోస్కిన్ వేసిన పాత్ర ఇది. 'గాడ్‌ఫాదర్' రెండో భాగంలో తెల్లని సూటు వేసుకుని వీధి వీధీ తిరిగి మామూళ్లు వసూలు చేసే ఫానుచ్చిగా ఆయనను మీ పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. ఇటలీలో ఆయనకు హాస్యనటుడిగా మంచి పేరుండేది. అటువంటి నటుణ్ని తెచ్చి, మాట్లాడని, నవ్వని, దెబ్బలు తింటూ నేలచూపులు చూసే బట్టతల మనిషిగా నిలబెట్టడం డి లియో సాహసం. పోయిన 3 లక్షల డాలర్లు ఊగో దగ్గరే ఉన్నాయని ముఠా నమ్మకం, తన దగ్గర లేవని అతని వాదన. ప్రేక్షకుడు ఎవరిని నమ్మాలి? సినిమా ఆ ప్రశ్నకు ఎంత ఆలస్యంగా, ఎంత నిబ్బరంగా జవాబు చెబుతుందో నేనిక్కడ రాస్తే చూడబోయేవారికి అన్యాయం చేసినట్టవుతుంది.

మారియో అడోర్ఫ్ పోషించిన రొక్కో పాత్ర గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. నూనె రాసి దువ్విన జుట్టు, సన్నని మీసం, గట్టి గొంతు, ఎదుటివాడి చెంప మీద పడడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే చెయ్యి. మొదట్లో అతడు మనకు కిరాయి గూండాగానే కనిపిస్తాడు. ఊగోను వెంటాడి వేధించేది అతడే. కాని ఊగో మౌనం వెనక ఏముందో తెలిసివచ్చేకొద్దీ రొక్కోలో ఒక విచిత్రమైన గౌరవం పుడుతుంది, సినిమా ఆఖరి నిమిషాల్లో ఆ గౌరవం బద్దలయ్యే తీరు నేను చూసిన నేరచిత్రాలన్నిటిలోకి గొప్ప ఘట్టం. అడోర్ఫ్ జర్మన్ సినిమాల్లో పెరిగిన నటుడు. నేను ఈ చిత్రాన్ని మొదటిసారి చూసింది ఇంగ్లీషు డబ్బింగ్ ప్రతిలో. ఆ రోజుల్లో ఇటలీ స్టూడియోలు మాటలను షూటింగ్‌లో రికార్డు చేసేవి కావు, తర్వాత డబ్బింగ్ చెప్పించేవి, కాబట్టి ఏ ప్రతీ అసలు గొంతు కాదనుకుని సరిపెట్టుకున్నాను. చాలా ఏళ్లకు ఇటాలియన్ ప్రతి చూశాను. రొక్కో నోట దక్షిణాది యాస వినిపించింది. ఉత్తరాదిన ఉన్న సంపన్న నగరంలో, దక్షిణాదినుంచి వచ్చి, అరుపులతో తన చోటు తాను సంపాదించుకున్న వలసమనిషి అతడని అప్పుడు అర్థమై, అంతకుముందు నేను చూసింది సగం సినిమాయే అనిపించింది.

ఈ వలస అన్న మాట డి లియో చిత్రాలకు ఆయువుపట్టు. యుద్ధం తర్వాత లక్షలాది మంది దక్షిణాదినుంచి మిలాన్, తూరిన్ ఫ్యాక్టరీలకు తరలిపోయారు. ఇంకో వలస చట్టం చేయించినది. మాఫియాతో సంబంధం ఉందని అనుమానించినవారిని సొంతగడ్డనుంచి దూరంగా, ఎక్కడో నియమిత నివాసంలో ఉంచేందుకు 1965లో చేసిన చట్టం వీలు కల్పించింది. తెగులు సోకిన కొమ్మను నరికి వేరే తోటలో నాటినట్టయింది ఆ పని. మాఫియా మనుషులు ఉత్తరాదికి చేరి అక్కడి డబ్బును, పరిచయాలను చూసుకుని కొత్త వ్యాపారం మొదలుపెట్టారు. 'మిలానో కాలీబ్రో 9'లో దోన్ విన్చెంజో అనే ముసలాయన ఉంటాడు. చూపు పోయింది, చిన్న ఇంట్లో కుర్చీకి అతుక్కుని కాలం గడుపుతుంటాడు. ఒకప్పటి మాఫియా పోయిందనీ, ఇప్పుడున్నవి ఒట్టి ముఠాలనీ ఆయన వాపోతాడు. ఆయన చెప్పే ఆ పాత మాఫియా మర్యాదను మనం నమ్మాలని డి లియో అనడు. చూపులేని మనిషి నోట ఆ మాట పెట్టడంలోనే ఆయన తీర్పు ఉందని నాకనిపిస్తుంది.

అదే చిత్రంలో ఇద్దరు పోలీసు అధికారుల మధ్య వాదోపవాదాలు నడుస్తాయి. ఫ్రాంక్ వోల్ఫ్ వేసిన కమిషనర్‌కు లాఠీ మీద నమ్మకం. లుయిజి పిస్తిల్లి వేసిన కింది అధికారి మెర్కూరికి పేదవాడు జైలుకు పోతుంటే, పెద్ద దొంగలు దర్జాగా తిరుగుతున్నారన్న బాధ. ఈ సన్నివేశాలు కథకు అడ్డుపడతాయని చాలామంది అన్నారు. నిజమే, అడ్డుపడతాయి. కత్తిరించినా కథ నడుస్తుంది. అయినా నేను వాటిని వదులుకోను. ఆ చిన్నగదిలో వాళ్లిద్దరూ గొంతులు పెంచి పోట్లాడుకుంటున్నప్పుడు, ఆనాటి ఇటలీ మొత్తం ఆ గదిలో కూర్చుని ఉన్నట్టుంటుంది. చివరికి మెర్కూరికి దక్కేది బదిలీ ఉత్తర్వు. పోలీసును ఆకాశానికెత్తే దర్శకుడే అయితే ఈ సన్నివేశాలు రాస్తాడా? మీ వ్యాసకర్త ఈ ఒక్క విషయం ఆలోచించి ఉంటే ఆ జాబితాలో ఈ పేరు చేర్చేవారు కాదు.

అదే 1972లో 'లా మాలా ఓర్దినా' వచ్చింది. న్యూయార్క్ వెళ్లాల్సిన హెరాయిన్ దారిలో మాయమైంది. ఆ నింద మిలాన్‌లో ఆడవాళ్ల సంపాదన మీద బతికే ఒక చిల్లర మనిషి మీద పడింది. అతణ్ని నలుగురికీ తెలిసేటట్టు, ఆర్భాటంగా చంపి రమ్మని అమెరికానుంచి ఇద్దరు కిరాయి హంతకులను పంపుతారు. హెన్రీ సిల్వా, వుడీ స్ట్రోడ్ వేసిన ఆ జంట, ఒకడు వాగుడుకాయ, ఇంకొకడు మౌని, చూసిన కళ్లకు టరంటినో తీసిన 'పల్ప్ ఫిక్షన్'లోని హంతకుల జంట కొత్తగా అనిపించదు. కాని సినిమాను మోసేది మళ్లీ, ఆ చిల్లర మనిషి వేషం వేసిన అడోర్ఫే. తన భార్యనూ కూతురినీ గుద్ది చంపేసిన వ్యాను వెంట అతడు పరుగెత్తుతాడు. కారులో, కాలినడకన, ఈతకొలనులో పడి లేస్తూ నగరమంతా పరుగెత్తి, చివరికి వ్యాను ముందుభాగానికి వేలాడుతూ తన నెత్తితో అద్దాన్ని మోది మోది పగలగొడతాడు. ఛేజింగ్ అంటే ఇంజన్ల మోత అని నమ్మే రోజుల్లో, ఒక తండ్రి దుఃఖాన్ని అతని నెత్తుటి నుదుటి మీద చూపించిన దృశ్యం అది. ఆ మనిషి మంచివాడు కాడు, అంతకుముందు అరగంట సేపు అతని చెడ్డతనమంతా మనం చూశాం. అయినా ఆ అద్దం పగిలేసరికి మనం అతని పక్షానే ఉంటాం. డి లియో పనితనం అంటే ఇదే.

మూడోది 1973 నాటి 'ఇల్ బాస్'. రంగం పలెర్మోకు మారింది. ప్రత్యర్థి ముఠా పెద్దలంతా చీకటి గదిలో కూర్చుని అశ్లీల చిత్రం చూస్తుంటే, ప్రొజెక్టర్ గదిలోంచి హెన్రీ సిల్వా వాళ్లమీద గ్రెనేడ్లు పేలుస్తాడు. 'గాడ్‌ఫాదర్'లో బార్జినిగా కనిపించిన రిచర్డ్ కాంటే ఇందులో మాఫియా పెద్ద. అమెరికా చిత్రం ఆ లోకానికి పెళ్లిపందిరి, కుటుంబ గౌరవం, విషాదపు గాంభీర్యం తొడిగితే, ఏడాది తిరిగేసరికి డి లియో అదే నటుణ్ని తెచ్చి ఆ ముసుగులన్నీ ఒలిచేశాడు. ఇందులో నమ్మకద్రోహం ఒక్కటే నియమం. అభిమానంతో చూడదగిన పాత్ర ఒక్కటీ లేదు. అందుకే ఈ మూడింటిలో ఇది అందరికీ నచ్చదు. నాకూ మొదటిసారి నచ్చలేదు, రెండోసారి చూశాకే ఆ చలిదనం ఉద్దేశపూర్వకమని గ్రహించాను.

ఈ మూడింటినీ కలిపి మిలియూ త్రయం, అంటే నేరలోకపు త్రయం అంటారు, ఆయన కీర్తి అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. దానివల్ల ఆ తర్వాతి రెండు చిత్రాలకు రావలసిన పేరు రాలేదన్నది నా ఫిర్యాదు. 1974లో లూక్ మెరెందాతో తీసిన 'ఇల్ పొలిజియొత్తో ఎ మార్చో', అంటే పోలీసు కుళ్లిపోయాడని అర్థం, స్మగ్లర్ల దగ్గర జీతం పుచ్చుకునే అధికారి కథ. అతని తండ్రి చిన్న ఠాణాలో పనిచేసే నిజాయితీపరుడైన కారబినియెరి (ఇటలీ సైనిక పోలీసు దళం) ఉద్యోగి. తండ్రి ఠాణాలో నమోదైన ఒక ఫిర్యాదు కాగితం స్మగ్లర్లకు కావాలి. కొడుకు వచ్చి ఆ కాగితం అడిగే సన్నివేశంలో తుపాకి లేదు, పరుగు లేదు. సాల్వో రందోనే అనే గొప్ప రంగస్థల నటుడి ముఖం మీద, జీవితమంతా నమ్ముకున్నది ఒక్కసారిగా కూలిపోవడం మాత్రం కనిపిస్తుంది. మరుసటి ఏడు వచ్చిన అపహరణ కథలో జేమ్స్ మేసన్ ధనవంతుడు, మెరెందా మెకానిక్. దుండగులు ఇద్దరి పిల్లలనూ ఎత్తుకుపోతారు. ధనవంతుడు సొమ్ము దగ్గర బేరాలాడుతూ రోజులు గడిపేస్తాడు, ఆ ఆలస్యానికి బలయ్యేది మెకానిక్ కొడుకు. ఆ దశాబ్దంలో ఇటలీలో ఇటువంటి అపహరణలు వందల్లో జరిగాయి. వాటి మీద వచ్చిన సినిమాలూ తక్కువేమీ కాదు. ఎవరి బిడ్డ ప్రాణానికి ఎంత ధర అని ఇంత సూటిగా అడిగిన సినిమా మాత్రం నేను ఇంకొకటి చూడలేదు.

ఆయనవన్నీ గొప్ప చిత్రాలని నేననను. 1971లో క్లౌస్ కిన్‌స్కీని పెట్టి తీసిన ఆస్పత్రి హత్యల చిత్రాన్ని సమర్థించడానికి నా దగ్గర మాటల్లేవు, ఆడవాళ్ల దేహాలను చూపించడానికి మించి అందులో కథ లేదు. 'మిలానో కాలీబ్రో 9'లో బార్బరా బుషె పూసల దుస్తుల్లో చేసే నృత్యాన్ని కెమెరా చూసే చూపులోనూ ఆ ఛాయ ఉంది. స్త్రీగా ఆ సినిమాలు చూస్తున్నప్పుడు నాకు ఇబ్బంది కలిగిన చోట్లు చాలా ఉన్నాయి, ఆయన మీద అభిమానం పేరుతో వాటిని దాచదలచుకోలేదు. అయితే 1975లో ఊర్సులా ఆండ్రెస్‌తో నేపుల్స్ నేపథ్యంగా తీసిన చిత్రంలో, రెండు ముఠాలనూ తన తెలివితో ఆడించేది ఒక స్త్రీయే. 1978లో ఇద్దరు యువతుల స్వేచ్ఛ మీద తీసిన 'ఆవెరే వెంతాన్ని' నవ్వుతూ తుళ్లుతూ సాగి, మగవాళ్ల క్రూరత్వం దగ్గర భయంకరంగా ముగుస్తుంది. ఆ ముగింపును ప్రేక్షకులు భరించలేకపోవడంతో నిర్మాతలు థియేటర్లనుంచి చిత్రాన్ని వెనక్కి తీసుకుని, ముగింపు మార్చి మళ్లీ విడుదల చేశారు. అది స్త్రీల పక్షాన నిలిచిన చిత్రమా, వాళ్లను శిక్షించిన చిత్రమా అన్న వాదన తేలలేదు. నా మనసులో కూడా తేలలేదు.

ఇక రెండో పొరపాటు, ప్రజాదరణ గురించి. ఆ రోజుల్లో ఇటలీలో సినిమా మొదట పెద్ద నగరాల తొలి విడుదల థియేటర్లలో ఆడి, తర్వాత రెండో వరుసకూ, ఆపైన పేటల్లో, పల్లెల్లో ఉండే మూడో వరుస థియేటర్లకూ చేరేది. డి లియో చిత్రాలు ఈ మెట్లన్నీ దిగి మామూలు జనం దగ్గరికి వెళ్లినవే. విమర్శకులు పట్టించుకోకపోయినా టికెట్ కొన్నవాళ్లు పట్టించుకున్నారు. ఎవరో దూరదేశపు దర్శకుడు చెప్పేదాకా ఆయన్ను ఎవరూ చూడలేదనడం ఆ ప్రేక్షకులను లేనట్టు లెక్కించడమే. ఆయనను మరుగున పడేసింది అనాదరణ కాదు, ఆ థియేటర్లు మూతపడడం. 1976లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రైవేటు ప్రసారాలకు దారి తెరిచింది. రాత్రింబవళ్లు టీవీలో సినిమాలు రావడం మొదలైంది. 1975లో సుమారు 51 కోట్ల టికెట్లు అమ్ముడైన దేశంలో 1980 నాటికి ఆ సంఖ్య సుమారు 24 కోట్లకు పడిపోయింది. ముందుగా కూలింది మూడో వరుస థియేటర్లే. చిన్న బడ్జెట్‌తో ఏడాదికి ఒకటి రెండు సినిమాలు తీసి, ఆ వసూళ్లతో తర్వాతి సినిమా మొదలుపెట్టే దర్శకులకు కాళ్లకింద నేల లేకుండాపోయింది. డి లియోకు సొంత సంస్థ ఉన్నా, ఆ వరదకు అది ఆనకట్ట కాలేకపోయింది. 1980ల మధ్యలో ఆఖరి చిత్రం తీసి ఆయన తప్పుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు మాత్రమే.

టరంటినో మేలు చేయలేదని నా ఉద్దేశం కాదు. ఆయన బహిరంగంగా, పదేపదే డి లియో పేరు చెప్పడం వల్లనే ఇతర దేశాల్లో చాలామంది ఈ చిత్రాల కోసం వెతికారు. కాని అంతకుముందే ఇటలీలో 1990లలో కొందరు యువ పరిశోధకులు, పత్రికలవారు పాత ప్రింట్లు తవ్వి తీయడం, మరిచిపోయిన దర్శకుల ఇళ్లకు వెళ్లి వాళ్లతో మాట్లాడి రాసుకోవడం మొదలుపెట్టారు. పునాది వేసింది వాళ్లు. 2004లో వెనిస్ చలనచిత్రోత్సవం ఇటలీ చిన్న బడ్జెట్ చిత్రాలకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసినప్పుడు టరంటినో, జో డాంటే దానికి పెద్దలుగా నిలిచారు, అందులో డి లియో చిత్రాలకూ చోటు దక్కింది. అప్పటికి ఆయన లేడు. 2003 డిసెంబరు 1న రోమ్‌లో కన్నుమూశాడు. తొమ్మిది నెలలు, అంతే తేడా. దేశం చిన్నచూపు చూసిన సినిమాలు వెనిస్ తెరమీద వెలుగుతుంటే, ఆ చప్పట్లు వినవలసిన మనిషి ఆ హాల్లో లేకపోవడం నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది. ఆ తర్వాత శుభ్రపరిచిన ప్రతులు డీవీడీలుగా వచ్చాయి, 2020లో ఊగో పియాజ్జా కొడుకు కథగా కొనసాగింపు చిత్రం కూడా వచ్చింది. అందులో ఆ కొడుకు పేరు ఫెర్నాండో. ఆ పేరు ఎందుకు పెట్టారో వేరే చెప్పనక్కర్లేదు. బార్బరా బుషె దాదాపు యాభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే పాత్రలో తెరమీదికి వచ్చింది.

కనుక మీకు నా విన్నపం రెండు మాటల్లో. మీ వ్యాసంలోని ఆ వాక్యానికి వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వేయండి. వీలైతే డి లియో మీద విడిగా ఒక పూర్తి వ్యాసం రాయించండి. రాసేవారు ఆ మూడు ప్రసిద్ధ చిత్రాల దగ్గర ఆగిపోకుండా, ఠాణాలో తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడిన ఆ సన్నివేశం దాకా వెళ్లాలని నా కోరిక. ఆ పని చేసేవారికి నా దగ్గరున్న ప్రతులు, రాసుకున్న నోట్సు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ చిరకాల పాఠకురాలు